చెలకల మీద ఆకాశ నాట్యం



కేసముద్రం మార్కెట్టుకు మిర్చి బస్తాలు చేరే ఈ ఫాల్గుణ, చైత్ర మాసాల్లో చుట్టుపక్కల చెలకలు బోసిగా కనిపిస్తాయి. కానీ పైన ఆకాశంలో గొప్ప నాట్యం నడుస్తుంటుంది. దాన్ని చూసి ఆనందించడమెట్లాగో మీకు చెప్పాలని వచ్చాను.

ముందు చెవి పెట్టండి. పొద్దున్నే పడావు భూమి పక్కన నిలబడితే సన్నటి, సాగదీసిన ఈల వినిపిస్తుంది. వెంటనే తలెత్తండి. పిచ్చుక కన్నా చిన్న పిట్ట, బూడిద రంగు వీపు, తెల్లని చెంపలు, నల్లని పొట్ట. భరతపక్షుల కుటుంబంలోది. టపటపా రెక్కలాడిస్తూ పైకెక్కుతుంది. ఉన్నట్టుండి రెక్కలు ముడిచి, ఈల వేస్తూ, రాయిలా తలకిందులుగా పడుతుంది. పడిన ఆ ఊపుతోనే మళ్లీ పైకి లేస్తుంది, మళ్లీ ముడుస్తుంది. అట్లా పడుతూ లేస్తూ చివరికి ఒక మట్టిపెళ్ల మీద వాలుతుంది. ఎక్కడం కన్నా ఆ దిగడాన్ని శ్రద్ధగా చూడండి. అందమంతా అందులోనే ఉంది.

రెక్కల్లో ఎరుపు మెరిసే ఇంకో పిట్ట ఉంది. దాని బాణీ వేరు. పాడుతూ ఎగిరి, రెక్కలు పైకెత్తి, కాళ్లు వేలాడేసి నింపాదిగా కిందికి జారుతుంది. మొదటిది ద్రుతమైతే ఇది విలంబం.

ఇక మన రాష్ట్రపక్షి పాలపిట్ట. దసరానాడు దాని దర్శనం కోసం ఊరి బయటికి పోతాం. దాని అసలు సంబరం మాత్రం ఎండలు ముదిరే ఈ రోజుల్లోనే. కరెంటు తీగ మీంచి లేచి పైకెక్కి, గాలిలో అటూ ఇటూ పొర్లుతూ, బొంగురుగా అరుస్తూ దిగుతుంది. గొంతులో మాధుర్యం లేదు. కానీ కూర్చున్నప్పుడు దాగి ఉండే రెక్కల నీలాలు ఆ పొర్లాటలో పూర్తిగా విచ్చుకుంటాయి.

ఇదంతా ఆకాశంలోనే ఎందుకు? చెట్లు పలచగా ఉండే బయలు నేలలో దూరానికి కనబడాలంటే గడ్డిని దాటి పైకి లేవాల్సిందే. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూముల్లో పేరు వినిపించే నేలనెమలి కూడా అంతే. వానాకాలంలో గడ్డిలోంచి ఒక్క ఉదుటున ఎగిరి మళ్లీ గడ్డిలోనే దిగుతుంది. అది ఇప్పుడు దేశమంతటా అంతరించే దశకు చేరింది.

ఈ కళకు రసికురాలు ఆడపిట్ట. ఏమీ పట్టనట్టు గింజలేరుకుంటూ అంతా గమనిస్తుంటుంది. ఆడపక్షుల అభిరుచే మగవాటి ఆటపాటలను తీర్చిదిద్దిందని చార్లెస్ డార్విన్ 1871లో రాశారు. పిట్టకు అభిరుచి ఏమిటని ఆనాటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. మీరు మాత్రం మగపిట్టను చూసి సరిపెట్టుకోకండి. ఆమె ఎటు చూస్తోంది, ఎప్పుడు ఎగిరిపోయింది, ఎప్పుడు ఆగింది, అది కూడా గమనించండి.

జత కుదిరాక పాలపిట్ట చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చిన్న పిట్టలు రెండింటిదీ నేల మీది గూడే, గడ్డి దుబ్బు చాటున చిన్న గుంట. గడ్డికి నిప్పు పెడితే గుడ్లు కూడా కాలిపోతాయి. అందుకే రైతు సోదరులకు, పశువుల కాపర్లకు నా విన్నపం: వానలు పడేదాకా బంచరాయి భూముల్లో, చెలకల ఒడ్ల మీద గడ్డిని కాల్చకండి.