మా అమ్మాయి రాసిన పరీక్ష

(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నాకు కార్యదర్శి గారు పదిహేను నిమిషాలిచ్చి అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా ఫోటోలు మీ అందరి ఇళ్లలోనూ ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. అక్కడ మా అమ్మాయి ముప్ఫై ఎనిమిదో ఏట రాసిన ఒక పరీక్ష గురించి చెబుతాను. మనలో చాలామందికి అక్కడ కూతుళ్లో కోడళ్లో ఉన్నారు. వారిలో చదువు మధ్యలో ఆగినవారుంటే ఈ నాలుగు మాటలూ ఉపయోగపడవచ్చు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ చదువు ఆపింది నేనే. 2004లో బి.ఎస్సీ. మొదటి సంవత్సరం పరీక్షలకు ఫీజు కట్టిన తర్వాత మంచి సంబంధం వచ్చింది. "అక్కడికి వెళ్లాక చదువుకోవచ్చు" అని వాళ్లూ అన్నారు, నేనూ అన్నాను. ఆ మాట నమ్మి అన్నానో, పని జరగడానికి అన్నానో ఇప్పుడు చెప్పలేను. ఆ హాల్ టికెట్ మా ఆవిడ బీరువాలో నగల డబ్బా కింద ఇప్పటికీ ఉంది.

2023 ఫిబ్రవరిలో మేమిద్దరం ఆరు నెలలకని టెక్సాస్ వెళ్లాము. పిల్లలిద్దరూ పెద్దవాళ్లయ్యారు, అమ్మాయి ఒక లైబ్రరీలో చిన్న ఉద్యోగం చేస్తోంది. డిగ్రీ లేక పై ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వీలు లేదు. దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో అడగడానికి వెళితే, అక్కడి సలహాదారు "తెలిసిన సబ్జెక్టును మళ్లీ క్లాసులో కూర్చుని చదవడమెందుకు, పరీక్ష రాసి క్రెడిట్లు తెచ్చుకోండి" అన్నదట.

అక్కడ డిగ్రీని క్రెడిట్ల లెక్కన కొలుస్తారు. ఒక సబ్జెక్టును సెమిస్టరంతా చదివితే సాధారణంగా 3 క్రెడిట్లు. బాచిలర్ డిగ్రీకి సుమారు 120 కావాలి. వీటిలో కొన్నింటిని పరీక్ష ద్వారా సంపాదించే పద్ధతిని 1967లో ప్రారంభించారు. దాని పేరు కాలేజ్ లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్, పిల్లలు క్లెప్ అంటారు. శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డే దీన్నీ నడుపుతుంది. 34 సబ్జెక్టులున్నాయి. ఎక్కడ చదివావు, ఎప్పుడు చదివావు అని అడగరు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టి, ఇంటర్ లేనివారికి అర్హత పరీక్ష పెట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. అది లోపలికి రానివ్వడానికి పరీక్ష. ఇది లోపల కొంత దూరం నడిచేసినట్టు లెక్క వేయడానికి పరీక్ష.

ఖర్చు అప్పట్లో తొంభై డాలర్ల పైచిలుకు, పరీక్షా కేంద్రం వారి రుసుము వేరే. క్లాసు ఫీజుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఏ పరీక్షకు ఎన్ని క్రెడిట్లు, ఎంత స్కోరుకు ఇస్తారన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీ నిర్ణయించుకుంటుంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ వారి సిఫారసు సాధారణంగా 50. కాలేజీ ఒప్పుకోవాలని నియమం లేదు. అందుకని రాతపూర్వకంగా తెచ్చుకోమన్నాను. నలభై ఏళ్లు ఫైళ్లతో బతికినవాణ్ణి, ఇంకేం చెబుతాను! రెండోది పేరు. నమోదులో రాసిన పేరూ గుర్తింపు కార్డులోని పేరూ ఒకటి కావాలి. మా అమ్మాయి పాస్‌పోర్టులో మా ఇంటిపేరు, డ్రైవింగ్ లైసెన్సులో అల్లుడి గారి ఇంటిపేరు. ఏ కార్డు పట్టుకెళుతుందో ముందే అనుకుని దాని ప్రకారమే నమోదు చేయించాము. మన తెలుగువాళ్లకు ఈ చిక్కు తప్పదు, జాగ్రత్త పడాలి.

ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలన్న దగ్గర ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. అల్లుడు గారి స్నేహితులు అమెరికా చరిత్ర అన్నారు. అది 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అమ్మాయి ఇంటర్‌లో ఎం.పి.సి. కదా, తెలిసినదానితో మొదలుపెడితే ధైర్యం వస్తుందని నేను లెక్కలన్నాను. కాలేజ్ మాథమేటిక్స్ అనే పరీక్షలో 90 నిమిషాలకు 60 ప్రశ్నలే, ఒక్కోదానికి నిమిషంన్నర. కాలిక్యులేటర్ కంప్యూటర్ తెర మీదే ఉంటుంది.

నేను ముప్ఫై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిగా, డిపార్ట్‌మెంటల్ అకౌంట్స్ టెస్ట్ మొదటిసారి తప్పాను. పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాసే పేపరే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను కానీ ఏ రూలు ఎక్కడుందో వెతకడం రాలేదు. మా సూపరింటెండెంటు గారు అప్పుడు చెప్పిన సూత్రం ఒకటే: "ముందు పాత ప్రశ్నలు చెయ్యి. తప్పినవి మాత్రం చదువు." అమ్మాయి చేత అదే చేయించాను. కాలేజ్ బోర్డు వారి గైడులోని నమూనా పేపరు మొదటి రోజే, ఏమీ చదవకుండా, గడియారం పెట్టి రాయించాను. 60లో 26 వచ్చాయి. ఏడ్చింది. నేను మాత్రం ఆ తప్పిన 34నూ అధ్యాయాల వారీగా ఒక కాగితం మీద గీసి వంటింట్లో ఫ్రిజ్‌కి అంటించాను.

బీజగణితం, రేఖాగణితం ఇరవై ఏళ్ల కింద చదివినవే అయినా వారం రోజుల్లో వేళ్ల మీదికి వచ్చేశాయి. కొత్తగా ఉన్నవి మూడు. ఒకటి తర్కం, సమితులు. రెండోది సంభావ్యత. అందులో చాలా ప్రశ్నలు పేకముక్కలతో ఇస్తారు. అమ్మాయి జన్మలో పేక ముట్టలేదు. యాభై రెండు ముక్కలు, పదమూడేసి చొప్పున ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు అని బల్ల మీద పరిచి చూపించాను. క్లబ్బులో నేను ధారపోసిన సాయంత్రాలు చివరికి ఇలా పనికొచ్చాయని మా ఆవిడ ఎత్తిపొడిచింది.

మూడోది డబ్బు లెక్కలు, పేపరులో ఐదో వంతు. ఇది నా సొంత పొలం! వెయ్యి డాలర్లకు 6 శాతం చక్రవడ్డీ, ఏడాదికోసారి కడితే రెండేళ్లకు 1123 డాలర్ల 60 సెంట్లు, ఆరు నెలలకోసారి కడితే 1125 డాలర్ల 51 సెంట్లు. ఆ తేడా ఎందుకొస్తుందో పట్టుబడితే సగం అధ్యాయం వచ్చేసినట్టే. రేపు రాబోయే సొమ్ముకు ఇవాళ్టి విలువ ఎంత అన్న ప్రశ్నకు మన కమ్యుటేషన్ లెక్కే ఉదాహరణగా చెప్పాను. నా పెన్షన్‌లో నలభై శాతం ఎలా వెళ్లి, పదిహేనేళ్లకు ఎలా తిరిగి వస్తుందో విని "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది.

పరీక్ష జూలైలో. పొద్దున్నే ఐదింటికి లేచి గంట, పిల్లలు పడుకున్నాక గంట చదివేది. చివరి నమూనా పేపరులో 39 వచ్చాయి. పరీక్షకు వెళ్లేటప్పుడు కారు దగ్గరికి వచ్చి, పెద్దరికంగా "తెలియనివి వదిలెయ్యమ్మా, ఊహించి రాయకు" అన్నాను.

అదే నేను చేసిన పొరపాటు. మా అబ్బాయి బ్యాంకు పరీక్షలు రాసిన రోజుల్లో తప్పు జవాబుకు పావు మార్కు కోసేవారు, ఆ అలవాటు నా తలలో ఉండిపోయింది. క్లెప్‌లో తప్పుకు కోత లేదు. ఆ వాక్యం గైడులో స్పష్టంగా ఉంది. అధ్యాయాలన్నీ చదివిన నేను ముందు పేజీల్లోని సూచనలు చదవలేదు. నా మాట విని అమ్మాయి ఏడు ప్రశ్నలు ఖాళీగా వదిలేసింది. మీట నొక్కగానే అక్కడికక్కడే స్కోరు వస్తుంది. 48 వచ్చింది, రెండు తక్కువ.

ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి గైడు తిరగేస్తుంటే ఆ వాక్యం నా కంటబడింది. చెప్పకుండా ఉండవచ్చు, ఆమెకు తెలియదు. 2004 గుర్తొచ్చింది. తెల్లవారి కాఫీ దగ్గర చెప్పేశాను. కాసేపు కిటికీలోకి చూసి, "అయితే నాకు లెక్కలు రాక కాదన్నమాట" అంది.

ఒకసారి తప్పితే అదే పరీక్ష మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. తప్పిన స్కోరును కాలేజీకి పంపనవసరం లేదు, మార్కుల జాబితాలో మచ్చగా పడదు. మా ఆరు నెలలూ నిండి ఆగస్టులో తిరిగి వచ్చేశాము. తర్కం అధ్యాయం తనే ఒంటరిగా మళ్లీ చదువుకుంది. అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. 57 వచ్చింది. "ఒక్కటి కూడా వదల్లేదు నాన్నా" అంది. మా ఆవిడ ఫోన్ లాక్కుని "నూటికి యాభై ఏడేనా? ఇంటర్‌లో ఎనభై పైన వచ్చేవి కదే" అంది. ఆ స్కోరు నూటికి కాదనీ, 20 నుంచి 80 వరకు ఉండే స్కేలు మీదదనీ, 50 అంటే సగం జవాబులని అర్థం కాదనీ చెప్పేసరికి తెల్లారింది.

ఆ కాలేజీ వారు దానికి 3 క్రెడిట్లు ఇచ్చారు. కొన్ని కాలేజీలు ఇదే పరీక్షకు 6 ఇస్తాయి. అమ్మాయి తర్వాత సోషియాలజీకి కూర్చుంది. అందులో నా సాయం అవసరం లేదని మర్యాదగానే చెప్పింది. ఫ్రిజ్‌కి అంటించిన కాగితం నకలు నా సంచిలో ఉంది. కావలసినవారు టీ తర్వాత నా దగ్గరికి రండి. ముందు పేజీలు చదివే వచ్చాను, ఏ ప్రశ్నైనా అడగవచ్చు.