లెక్క బస్తాల్లో చెప్పండి
(హనుమాన్ జంక్షన్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఆర్థికవేత్తలకు నాదొక మనవి. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఖర్చు 1,533, దానికి సగం కలిపామన్నారు. అది ఏ2+ఎఫ్ఎల్ లెక్క: చేతి ఖర్చు, కట్టిన కౌలు, ఇంటిల్లిపాది కష్టం. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. దానికి సగం కలిపి రైతు సంఘాలు అడిగింది 3,012. మన 75 కిలోల బస్తాకు 534 రూపాయలు తేడా!

రెండు లెక్కలూ ధరల కమిషన్ నివేదికలోనే ఉన్నాయి. గట్టు మీదికి ఒక్కటే వచ్చింది. అదీ దేశమంతటి సగటు. డెల్టా కౌలు రైతు అందులో కనపడడు.

అయ్యా, ఏది కలిపారో, ఏది వదిలారో ముందు చెప్పండి. ఎకరాల్లో, బస్తాల్లో, తెలుగులో చెప్పండి. తప్పుంటే మేమే పట్టుకుంటాం.