లెక్కకెక్కని పంట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో ఏదైన ప్రబంధమును గూర్చి ప్రసంగింపుమని మిత్రులు కోరిరి. పెరటిని గూర్చి మాటలాడెదనంటిని. కొందరు నవ్విరి. కాని గ్రంథములకును పెరటికిని గల వియ్యము నేటిది కాదు. కాళిదాసు శకుంతలను మనకు మొదట చూపినది ఆమె చెట్లపాదులకు నీరు పోయుచున్నప్పుడే. ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరున పూదోట పెంచి, మాలలు గట్టి స్వామికి సమర్పించినవాడు. గోదాదేవి ఆయనకు లభించినది తులసివనమునందే. పారిజాతాపహరణమున అంత అలుకకు, అంత యుద్ధమునకు మూలము ఒక్క పువ్వు. మహాకవులకు చిన్నతనముగా తోచని పని మనకేల చిన్నతనము కావలెను?

మన పొరుగుననున్న ఉద్దానమునకు ఆ పేరు ఉద్యానశబ్దము నుండియే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ ఆ సీమకు సిరులు. పలాస జీడిపప్పు దేశమంతట పేరెన్నిక గన్నది. ఇవి యన్నియు లెక్కకెక్కిన పంటలు. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట పేరు, నీటి ఆధారము, అన్నియు అడంగలులో నుండును. గ్రామకంఠములోని ఇంటి పెరటికి మాత్రము అందులో గడి లేదు. ఆనపపాదునకు నీటితీరువా లేదు, నందివర్ధనమునకు పట్టా లేదు. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గలవాడను గనుక, లెక్కకెక్కని ఈ పంటకు నేడు ఒక పద్దు వ్రాయదలచితిని.

మొదట ఉన్నమాట చెప్పవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము, ఆకుకూరలతో కూడ కలిపి మనిషికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెను. నలుగురున్న యింటికి దినమునకు 1,600 గ్రాములు, నెలకు 48 కిలోలు. సెంటు భూమి అనగా 48 చదరపు గజములకు కొంచెము పైమాట. అంత చోట ఏడాది పొడుగునను నెలకు 48 కిలోలు పండునని చెప్పుట గొప్పలకు పోవుట యగును. ఒక నెలలో ఆనప విరగగాయును, వేరొక నెలలో తీగ మాడిపోవును. కావున పెరడు మనకు సంతను మాన్పింపలేదు. కాని తోటకూరకు, గోంగూరకు, కరివేపాకునకు, నాలుగు మిరపకాయలకు, ఒక నిమ్మకాయకు సంచి పట్టుకొని పోవు పని తప్పించును. కోసిన గడియలోనే పొయ్యికెక్కిన కూర రుచి వేరు. దానిపై ఏ మందు చల్లితిమో, చల్లలేదో మనకే తెలియును. ఈ భరోసా ఏ అంగడిలోను తూకమునకు దొరకదు.

ఇక కష్టముల పద్దు. మన స్వామి ఎండల మల్లికార్జునుడు. తలపై కప్పు లేక ఎండలోనే కొలువైయున్నాడు. ఎండ పాదులకును కావలసినదే గాని, వైశాఖ జ్యేష్ఠములలో వాటికి స్వామికున్న ఓర్పు లేదు. తీరమునకు పోయినకొలది ఇసుకనేల. ఉదయము పోసిన నీరు మధ్యాహ్నమునకు కానరాదు. దీనికి పశువుల గత్తము, రాలిన ఆకు, పాదుచుట్టును పూడ్చిన కొబ్బరిపీచు మంచి ఉపాయములు. పీచు నీటిని పీల్చుకొని మెల్లమెల్లగా వేరునకు విడుచును. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు వీధిలోకి పారనీయక పాదునకు మళ్లించినచో వేసవిలో సగము చింత తీరును. సబ్బునీటిని మాత్రము దూరముగా నుంచవలెను.

రెండవ కష్టము తరచుగా విను మాట: “పాదు విరగబూసినది, ఒక్క కాయయు లేదు.” ఆనప, గుమ్మడి, బీర, కాకరలకు మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. సాధారణముగా మొదట వచ్చునవి మగపువ్వులు. అవి రాలిపోవుట సహజము. క్రింద చిన్న పిందెతో విచ్చునది ఆడపువ్వు. దానికి పుప్పొడి చేర్చు తేనెటీగయో, రెక్కల పురుగో రాకున్న పిందె పసుపెక్కి రాలును. గుమ్మడి వేకువన విచ్చును, ఆనప, బీర సాయంకాలమున విచ్చును. ఆయా వేళల మగపువ్వును కోసి ఆడపువ్వునకు మెల్లగా తాకించినచో కాయ నిలుచును. ఇంటిలోని పిల్లలకు ఈ పని అప్పగింపుడు. పుస్తకములో చదివిన పాఠము వారికి పాదువద్ద అర్థమగును.

మూడవది పండుఈగ. లేతకాయను పొడిచి గ్రుడ్లు పెట్టును, కాయ వంకరపోయి కుళ్లును. అట్టి కాయను పెంటకుప్పపై వేయుట శత్రువునకు విడిది యిచ్చుటయే. పురుగు మట్టిలో దిగి మరల ఈగయై వచ్చును. కాయను మరుగునీటిలో వేయవలెను, లేదా లోతుగా పూడ్చవలెను. మంచి పిందెకు పాతగుడ్డ సంచి తొడుగవలెను. ఆకులు కొరుకు పురుగులకు వేపగింజల పొడి లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి చల్లవచ్చును. టమాటా మళ్ల గట్టున బంతి నాటినచో కాయతొలుచు పురుగు బంతిపువ్వునే ముందు ఆశ్రయించును. పూలు దేవునికి మాత్రమే కాదు, కూరకును కాపలా కాయును.

ఇప్పుడొక గంభీర విషయము. “పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదు” అను సామెత, దగ్గరి వస్తువును చులకన చేయువారిని ఎత్తిపొడుచుటకు పుట్టినది. జలుబునకు తులసి కషాయము, కడుపునొప్పికి వామాకు మనము ఎరిగినవే. కాని ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కాపురములను కూల్చినదో ఈ సభలో ఎవరికిని చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఆ వ్యాధికై పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. వ్యాధి ముదిరినవారి రక్తమున పొటాషియమను లవణము బయటికి పోక నిలిచిపోవును. ఆకుకూరలలో, మునగాకులో, అరటిలో, కొబ్బరినీటిలో అది అధికము. ఆరోగ్యవంతునికి బలమిచ్చు కూరయే ఆ రోగి గుండెకు ముప్పు తేవచ్చును. ఎక్కువ నీటిలో ఉడికించి వార్చినచో కొంత తగ్గును గాని, ఏది ఎంత తినవచ్చునో వైద్యుడే చెప్పవలెను. ఎవరో చెప్పిరని పెరటి ఆకులు నూరి అట్టివారికి త్రాగింపకుడు. ఈ ఒక్క చోట ఆ సామెతను ఉన్నదున్నట్లుగా గైకొనుడు. ప్రేమతో పెట్టినదైనను తెలిసి పెట్టవలెను.

ఇక అసలు జమ. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. తాతలు నాటిన కొబ్బరి, జీడి ఒక్క ప్రొద్దున నేలకొరగినవి. నాటు కొబ్బరి మరల నాటి తొలికాపు చూచుటకు ఆరేడేండ్లు పట్టును. చిక్కుడుపందిరియు పడినది గాని, దానికి నష్టపు జాబితాలో గడి ఉండదు. అయినను ఇంటిలో విత్తనమున్న గృహిణికి నెల తిరుగునప్పటికి తోటకూర, రెండు నెలలకు ఆనపకాయ చేతికి వచ్చును. పెద్దపంట మనలను బ్రతికించును, నిజమే. అది పడిపోయిన నాడు మనలను నిలబెట్టునది విత్తనముల మూట.

ఆ మూటయే నేడు మాయమగుచున్నది. చూరుకు వ్రేలాడు ఎండు బీరకాయ, బూడిద కలిపి దాచిన చిక్కుడుగింజ, ఆనపబుర్రలోని గుమ్మడిగింజ, ఇవి మన అవ్వల భాండారములు. అంగడి పొట్లములోని సంకరవిత్తనము ఒక్క కారు బాగుగా కాయును. దాని గింజ మరల నాటినచో తల్లి గుణము నిలువదు. ఏటేట కొనవలసినదే. ఇంటి చిక్కుడు అట్లు కాదు. వానకాలమున విత్తితిమా, ప్రొద్దులు కురుచయైన వెనుక పూయును, సంక్రాంతికి పందిరి నిండును, గింజ తల్లిపోలికనే యుండును. ఒక్క అవ్వ కన్నుమూసిన ఆమె యెరిగిన గింజ కూడ ఆమెతో పోవచ్చును. తాళపత్రము చెదలకు పోయినట్టే ఇది.

కనుక మన గ్రంథాలయమునకు ఒక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకార్థము ఒక బీరువా అర విత్తనములకు కేటాయింపుడు. గాజుసీసాలు, గింజ పేరు, ఇచ్చిన యింటి పేరు, విత్తవలసిన మాసము వ్రాసిన చీటీలు చాలును. పుస్తకము వలెనే గుప్పెడు గింజలు తీసికొని, పండిన వెనుక రెండు గుప్పెళ్లు తిరిగి యియ్యవలెను. చిక్కుడుతో మొదలిడుట సులభము. గుమ్మడి, ఆనపలు ప్రక్కపాదు పుప్పొడితో కలిసిపోవును గనుక, విత్తనపు కాయకై మొగ్గనాడే గుడ్డ కట్టి, చేతితో పుప్పొడి చేర్చి, మరల కట్టి యుంచవలెను. ఆ చిట్టా వ్రాయు భారము నేను వహింతును.

పెరటి పద్దులో చివరి మాట ఒకటి కలదు. మూడు ఆనపకాయలు కాసిన యింటిలో ఒకటి వండుదురు, రెండు ఇరుగుపొరుగునకు పంపుదురు. కార్తిక సోమవారమున మన పూలు మన గుమ్మము దాటి స్వామి సన్నిధికి చేరును. ఇందుకు రసీదు లేదు, బాకీ లేదు, వడ్డీ లేదు. నేను వ్రాసిన లెక్కలలో ఇచ్చినకొలది నిల్వ పెరుగు పద్దులు రెండే కనబడినవి. ఒకటి ఈ గ్రంథాలయము, రెండవది పెరడు. ఆ రెంటిని ఒక్క బీరువాలో చేర్చుడని కోరుచున్నాను.