మన పూర్వుల పేర్లు ఎచ్చట దొరకును?



తండ్రి పేరు అడిగినచో ప్రతివాడును చెప్పును. తాత పేరు చెప్పువారును పెక్కురు. ముత్తాత పేరు అడిగినంతనే సభలో సగము నోళ్లు మూతపడును. తద్దినము పెట్టు ఇండ్లలో పితృ పితామహ ప్రపితామహుల పేర్లు ఏటేట పలుకవలసి యుండుటచే ఆ మూడు తరములు నిలిచినవి. నాల్గవ తరము ఆ యిండ్లలో సైతము చీకటియే. ఇక ఆ మంత్రము లేని ఇండ్లలో ఏమియు మిగులలేదని తలంచినచో అది పొరపాటు. వారికి వేఱొక ఏర్పాటు కలదు. అది మంత్రముకన్న పొడవైనది.

కాపుల గోత్రములను, ఇంటిపేర్లను, వంశక్రమమును చెప్పువారు పిచ్చకుంట్లవారు. నేడు వారిని వంశరాజులని వ్యవహరించుచున్నారు. గొల్లలకు మందెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు కలరు. కూనపులివారు చేతబట్టుకొని వచ్చు పటములను చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాయుదురు. ఆ చేర్యాల 2016 వఱకు వరంగల్లు జిల్లాలోనిదే. ఇట్టి కథకులకు ఊళ్లు వంతులుగా పంచబడి యుండును. ఆ హక్కును మిరాసీ యందురు. ఒకరి మిరాసీ ఊరిలో మఱియొకరు అడుగిడరాదు. అన్నదమ్ములు వేఱుపడునప్పుడు పొలము పంచుకొన్నట్లే ఊళ్లను పంచుకొనుట వారి యాచారము. కొన్ని యేండ్లకొకసారి వచ్చి, ఇంటి ముంగిట కూర్చుండి, మూలపురుషుని మొదలు నిన్న పుట్టిన బిడ్డ వఱకు ఏకరువు పెట్టి, కట్నము పుచ్చుకొని పోవుదురు.

వీరు చెప్పునదంతయు నిజమా యని చదువుకొన్నవారు అడుగుట సహజము. వంశకథలో మొదటి భాగము పురాణము. మార్కండేయుడు, జాంబవంతుడు మున్నగువారు అందు వత్తురు. దానిని దస్తావేజుగా గైకొనరాదు. నడిమి భాగము వలసల కథ, అనగా ఏ ఊరు విడిచి ఏ ఊరు చేరినారన్నది. ఇది పరీక్షింపదగినది. ఏలయన ఇంటిపేర్లు పెక్కు విడిచివచ్చిన ఊళ్ల పేర్లే. కడపటి నాలుగైదు తరములు మాత్రము గట్టివి. కథకుడు తప్పు చెప్పినచో ఎదుట కూర్చున్న ముసలివారు ఊరకుండరు గదా! అక్కడికక్కడే దిద్దుదురు. కాని ఆ జాబితాలో ఒక పెద్ద వెలితి కలదు. కొడుకుల పేర్లే యుండును, కూతుళ్లు కానరారు.

ఈ వెలితిని తలచుకొన్నపుడు ఓరుగల్లు ఏలిన కాకతీయుల ముచ్చట చెప్పక తప్పదు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో 1163లో వేయించిన రుద్రదేవుని శాసనము అతని తాత బేతరాజును, తండ్రి ప్రోలరాజును పేర్కొనును. వారికి పూర్వులెవ్వరు? ఆ ప్రశ్నకు మిక్కిలి పొడవైన సమాధానము వ్రాయించినది ఆ యింటి ఆడబిడ్డ. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారము చెఱువు వద్ద వేయించిన శాసనములో కాకతి యను చోట నేలిన వెన్నరాజు మొదలుకొని వంశక్రమము కలదు. బయ్యారము నేడు మహబూబాబాదు జిల్లాలో నున్నది. వెన్నని తరువాత వరుసగా ముగ్గురు గుండరాజులు, పిదప ఎఱ్ఱ, ఆపై మఱియొక గుండడు, ఇట్లు సాగును. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము రాజుల ఇండ్లలోను ఎంత చిక్కు తెచ్చిపెట్టునో ఇందు చూడనగును.

పూర్వపు కృష్ణా జిల్లా మాగల్లులో దొరికిన తామ్రశాసనము 956 నాటిది. దానిని తూర్పు చాళుక్య రాజగు దానార్ణవుడు ఇచ్చెను. అందును కాకర్త్య గుండ్యనుడను సామంతుని పూర్వులు చెప్పబడిరి. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూడగా పేర్లు చాల వఱకు కలియును. కాని మాగల్లు శాసనములోని బేతియ బయ్యారపు జాబితాలో లేడు. రాజ్యములు ఏలినవారి వంశములోనే ఒక తరము జారిపోయినది. మన యింటి కథలో ఒక తరము తక్కువైనంత మాత్రమున కథకుని అబద్ధికుడనుట న్యాయము కాదు. ఒక్క సాక్ష్యముపై ఆధారపడరాదన్నది మాత్రము నిజము.

రెండవ సాక్ష్యము సామాన్యునికి ఎచ్చట దొరకును? శాసనములలో అతని పేరుండదు. పన్ను కట్టినవాడు గనుక సర్కారు దఫ్తరులో నుండును. నైజాము నాటి సర్వే సేత్వారు ఉర్దూలో నున్నది. తరువాతి 1954-55 ఖాస్రా పహాణీ తెలంగాణమందంతట పేరొందినది. అందు పట్టాదారుని పేరు వెంట తండ్రి పేరు వ్రాయబడి యుండును. ఉర్దూ కాగితములలో నడుమ 'వల్ద్' అను మాట కనిపించును. దానికి 'కుమారుడు' అని అర్థము. ఫస్లీ సంవత్సరమునకు 590 కలిపినచో క్రీస్తు శకము సుమారుగా వచ్చును. భూమి తండ్రినుండి కొడుకునకు మాఱినపుడు జరుగు విరాసత్ కాగితములు మఱింత విలువైనవి. వానిలో వారసులందఱి పేర్లుండును. పట్వారీల యిండ్లలో పడియున్న కట్టలు పటేలు పట్వారీ పద్ధతి 1980వ దశకమున రద్దయినప్పుడు కొన్ని కచేరీలకు చేరినవి, కొన్ని చెదలకు చేరినవి. పాలికాపునకు, భూమి లేనివానికి ఈ దఫ్తరులలోను చోటు లేదు. అట్టివాని వంశము డక్కలి కథకుని నాలుకమీదనే యున్నది. అతడు రాకుండుట ఆ యింటికి దఫ్తరు కాలిపోవుటతో సమానము.

ఇది మన దేశపు చింతయే కాదు. స్కాట్లండునకు పడమట సముద్రములో లూయిస్, హారిస్ మొదలగు దీవులు కలవు. అచ్చటి గేలిక్ భాషలో కొత్తవానిని 'నీవు ఎవరివాడవు?' అని అడుగుట వాడుక. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గొలుసుగా చెప్పుటయే దానికి జవాబు. మన పిచ్చకుంట్లవారివలె వంశములు వల్లించు పురాణవేత్తలును పూర్వము అచ్చట నుండిరి. ఆ దీవులనుండి కెనడా మున్నగు దేశములకు వలసపోయినవారి మునిమనుమలు నేడు తిరిగివచ్చి వెదకుకొందురు. వారికి చర్చి రిజిస్టరులు, 1841 నుండి పదేండ్లకొకసారి ఇంటింట పేర్లు వ్రాసిన జనాభా లెక్కలు, 1855 జనవరి 1 నుండి నిర్బంధముగా నమోదైన జనన వివాహ మరణములు సాయపడును. అచ్చటి మరణపు నమోదులో మృతుని తల్లి పుట్టింటి పేరుకూడ వ్రాయుదురు. ఈ యొక్క అంకణము వలన ఎన్ని వంశములు కలిసినవో!

మన తెలుగువారిలోను దీవులకు పోయినవారు కలరు. 1834 మొదలు మారిషస్ దీవికి సుమారు ఐదు లక్షలమంది కూలీలు ఒప్పందముపై పోయిరి. 1843లో కోరంగి పాకెట్ అను ఓడ తెలుగువారిని గొనిపోయినది. దిగిన ప్రతివానికి ఒక సంఖ్య, దానికెదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, పొడవు, ఒంటి గుర్తులు, ఊరు వ్రాయబడెను. ఆ రిజిస్టరులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. వాని సాయముననే వారి మునిమనుమలు తమ పూర్వుల ఊరిపేరు తెలిసికొనుచున్నారు. కాని గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన ఊరిపేరు ఏ ఊరిదో పోల్చుకొనుట సులభము కాదు.

ఆ ఓడలెక్కిన తెలుగువారిలో పెక్కురు గంజాము, విశాఖ, గోదావరి ప్రాంతములవారు. ఓరుగల్లు సీమవారి వలస వేఱు. ఇచ్చటి పద్మశాలీలు మగ్గము పనికై షోలాపూరు, భివండి, సూరతు చేరిరి. వారికి ఓడ రిజిస్టరు లేదు. ఒంటి గుర్తులు వ్రాసినవారు లేరు. మూడవ తరము వచ్చునప్పటికి మిగులునది ఇంటిపేరు, కులదేవత పేరు, ముసలమ్మ చెప్పిన ఊరిపేరు. అట్టివాడొకడు ఈ ఊరికి వచ్చి తన తాత పేరు చెప్పినచో, ఆ పేరు వ్రాసియున్న పుస్తకము ఇచ్చట నొకటి యుండవలదా? రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయమును 1904లో హనుమకొండలో నెలకొల్పినవారు తాళపత్రములకు విలువనిచ్చిరి. ఊరి ముసలివారి జ్ఞాపకమునకు అంతకన్న తక్కువ విలువ లేదు.

పని కష్టమైనది కాదు. ఇంటికొక పుట. తెలిసిన పేరునకును విన్న పేరునకును తేడా తెలియునట్లు గుర్తు. ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో తేదీ. ముందుగా ఇంటిలోని అందఱికన్న పెద్ద స్త్రీని అడుగవలయును. అత్తింటి వంశము, పుట్టింటి వంశము రెండును తెలిసినది ఆమెయే. కథకులు వచ్చినపుడు కట్నమిచ్చి పంపివేయక, వారు చెప్పినది అక్షరము విడువక వ్రాసికొనవలయును. పోయినసారి వచ్చిన పిదప ఇంట పుట్టిన కొడుకుల పేర్లు వారే అడిగి చేర్చుకొందురు. కూతుళ్ల పేర్లుకూడ చేర్చుమని అడుగుటకు ఏ మిరాసీ అడ్డు రాదు.