రెండు తీరముల నక్షత్రములు

మే నెలలో రాత్రి తొమ్మిది గంటల వేళ విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచి ఉత్తరమునకు చూతము. ధ్రువుడు దిగంతమునకు 17 డిగ్రీలకు కొంచెము పైన నుండును. మన ఊరి అక్షాంశమెంతయో అతని ఎత్తును అంతే. అతనికి పైగా సప్తర్షులు, వారిలో వసిష్ఠుని ప్రక్కనే సన్నని చుక్కగా అరుంధతి. పగటి ముహూర్తమైనను పురోహితుడు ఆకాశమునకు చేయి చూపుటయు, వధూవరులు చూచినట్లే తల యూపుటయు మనమెరిగినదే. ఇక దక్షిణమునకు తిరిగినచో, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపున, ఓడరేవు దీపముల కాంతి అడ్డుపడకున్నచో, దక్షిణ శిలువ కనబడును. అది పరదేశపు చుక్కల గుంపని పెక్కుమంది తలంతురు; కాని దాని అడుగు చుక్కయు మనకు 9 డిగ్రీల ఎత్తునకు వచ్చును. మన కంటికి బొత్తుగా చిక్కనివి దక్షిణ ధ్రువమునకు మిక్కిలి చేరువనున్న చుక్కలు మాత్రమే.

ఈ జిల్లానుండియు, గంజామునుండియు వేలకొలది తెలుగువారు చెరకు తోటల కూలికై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిరి. 1860 నవంబరు 16న ట్రురో అను ఓడ మద్రాసునుండి మొదటి కూలివారితో డర్బను రేవు చేరినది. ఆ వలస 1911 వరకు సాగినది. ఓడ భూమధ్యరేఖను సమీపించుకొలదియు ధ్రువుడు రాత్రి రాత్రికి క్రుంగి, రేఖ దాటిన పిమ్మట సముద్రమున మునిగిపోవును. డర్బనులో అతడు ఏనాడును ఉదయింపడు. పెండ్లిలో చూపవలసిన స్థిరనక్షత్రమే ఆ నేలపై లేదు!

అరుంధతి మాట వేరు. విశాఖలో నింగి సగమునకు పైగా ఎక్కు ఆ చుక్క డర్బనులో 5 డిగ్రీలు, అనగా చాచిన చేతి మూడు వ్రేళ్ల వెడల్పు మాత్రమే పైకి వచ్చును. ఉత్తరమున చెట్టుగాని గుట్టగాని అడ్డమున్నచో అదియు దక్కదు. అయినను, ఇల్లు విడిచి అంత దూరము పోయినవారికి ఆ మూడు వ్రేళ్ల ఎత్తు చిన్నది కాదని మాకు తోచుచున్నది.

ఇరుతీరములవారికిని సమానముగా దక్కినది మృగశిర యున్న వేటగాని మండలము. అతని నడుమునందలి మూడు చుక్కలు ఖగోళ మధ్యరేఖ చెంతనే యుండుటచే ఇచ్చటను అచ్చటను ఇంచుమించు సరిగా తూర్పుననే ఉదయించును. డర్బనువారు అతనిని చూచుటకు ఉత్తరమునకు మొగము త్రిప్పవలెను; అందుచే వారికతడు తలక్రిందులుగా అగుపించును. మన చలికాలపు చుక్కలు వారికి వేసవి చుక్కలు. జనవరి చివరి వారమున రాత్రి తొమ్మిది గంటలకు ఆ మూడు చుక్కలు మనకు నడినెత్తికి కొంచెము దక్షిణముగా నుండును. అప్పటికి డర్బనులో ఇంకను ఎండయే. మరి మూడున్నర గంటలకు అవే చుక్కలు అచ్చటి చెరకు తోటలపైకి వచ్చును.