రేవు గుంజల ఆయుర్దాయము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభయందు సంఘము పక్షమున చేసిన ప్రసంగపాఠము)



ఏటేట ఈ వేదికపై విద్యను గూర్చియో, సత్ప్రవర్తనమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట మనకు ఆచారము. ఈ యేడు మేము కొయ్య గుంజలను గూర్చి మాటలాడ దలచితిమి. ఉత్సవ సభకు ఇది తగిన విషయమా యని కొందరికి తోచవచ్చును. అయినను ఏటికి ఆవలి పల్లెలనుండి ప్రతిదినము పడవపై వచ్చుచున్న మన బాలబాలికలు మొదట అడుగుపెట్టునది పాఠశాల గుమ్మమున గాదు. ఏటి మొగయొద్ద నున్న మన రేవు బల్లలపైన. ఆ బల్లలను 14 గుంజలు మోయుచున్నవి. వానిలో నొకటి గడచిన ఆషాఢమాసమున కూలినది. పిల్లలు దిగి వచ్చిన అరగంటకే అది కూలెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. అది మన అదృష్టమే గాని మన జాగ్రత్త వలన గలిగిన ఫలము గాదు.

కూలిన గుంజను ఒడ్డునకు లాగించి చూచితిమి. పైన తారుపూత చెక్కుచెదరక నిగనిగలాడుచుండెను. రంపముతో కోయించి చూడగా లోపల తేనెపట్టువలె నుండెను. చిటికెనవ్రేలు దూరునంతటి సొరంగములు, వాని గోడలకు తెల్లని సున్నపు పొర! అంతకు రెండు మాసములకు ముందే ముసలి పడవవాడొకడు తన గెడతో ఆ గుంజను తట్టి, "బాబూ, ఈ గుంజ డొల్లగా పలుకుతున్నాది, సూసుకోండి" అని మాతో చెప్పెను. మేము తారుపూతను చూచితిమి గాని అతని మాటను వినమైతిమి. ఆ తప్పును మీ యెదుట ఒప్పుకొనుటయే మా ప్రసంగమునకు మొదటి కారణము.

గుంజలోపల నున్నది పురుగని పేరేగాని నిజమునకు పురుగు గాదు. ఓడపురుగని, టెరిడో యని పిలువబడు ఈ ప్రాణి ఆల్చిప్పల జాతికి చెందినది. దాని పిల్లలు కంటికి ఆనని సూక్ష్మరూపమున నీటిలో ఈదుచు వచ్చి కొయ్యకు అంటుకొనును. సూదిమొన యంతటి రంధ్రము చేసికొని లోనికి దూరును. ఆ పిమ్మట బయటికి రానే రాదు. కొయ్యను తొలిచి తినుచు లోపలనే పెరిగి, కొన్ని జాతులలో మూరెడు పొడవగును. బయట మిగులునది ఆ సూదిమొన రంధ్రమే. కావుననే బయటినుండి చూచి గుంజ బాగున్నదని చెప్పుట, తలుపు చూచి ఇంటిలోని వారి ఆరోగ్యము చెప్పుట వంటిది.

రెండవ శత్రువు గ్రిబులు. ఇది రొయ్యలకును పీతలకును దూరపు చుట్టము. బియ్యపు గింజకంటె చిన్నది. ఇది లోపల దాగియుండక, ఆటుపోటుల నడుమ కొయ్యను పైపైననే కొరికివేయును. మెత్తబడిన పొరను అలలు కడిగివేయగా మరల క్రొత్త పొరను కొరుకును. కొంతకాలమునకు గుంజ ఢమరుకమువలె నడుమున సన్నగిల్లును. మూడవ శత్రువు కుళ్లు. పోటునీటికి పైనున్న భాగమున, ముఖ్యముగా వాననీరు ఇంకెడి గుంజ తలయందు, బూజు చేరి కొయ్యను పొడిచేయును.

ఇక బురదలో దిగిన భాగమునకు ఈ భయము మిక్కిలి తక్కువ. ఏలన అచ్చట గాలి సోకదు. గాలి లేనిచోట ఈ ప్రాణులు బ్రతుకజాలవు. మన పెద్దలు బావి త్రవ్వినప్పుడు అడుగున నేరేడు కొయ్య చట్రమునుంచి దానిపై కట్టడము లేపెడివారు. అది తరములు గడచినను చెడకుండెను. ఇటలీ దేశమునందలి వెనిసు నగరము బురదలో దిగగొట్టిన కొయ్యలపైననే నిలిచియున్నది. అచ్చట 1631లో ప్రారంభింపబడిన సాంతా మరియా దెల్లా సలూతే దేవాలయము క్రింద పదిలక్షలకు పైబడి కొయ్యలు నాటిరని ప్రసిద్ధి. కాబట్టి కొయ్య నీటిలో నుండుట చేతనే చెడునని యనరాదు. ఉప్పునీరును గాలియు కలిసి సోకెడి చోట దానికి ముప్పు.

మన జాలరులకు ఈ సంగతి అనుభవమున తెలియును. వేటనుండి రాగానే తెప్పను ఇసుకపైకి లాగి, దుంగలు విప్పి ఆరబెట్టుదురు. ఆరిన కొయ్యలో ఓడపురుగు బ్రతుకదు. తెప్పను ఒడ్డునకు లాగవచ్చును, గుంజను లాగజాలము. అది నిలిచినచోటనే దానిని కాపాడుకొనవలయును.

"మన రేవు ఏటి మొగయందున్నది గదా! వర్షకాలమున మంచినీరు పారి పురుగు చచ్చును గదా!" యని కొందరు మాతో ననిరి. మేమును ఒకప్పుడట్లే తలచితిమి. అది సగము సత్యము. పూర్వము నావికులు ఓడలను నదులలోనికి తెచ్చి పురుగును చంపెడివారు. అయితే ఈ ప్రాణి తన రంధ్రమునకు తలుపులవంటి రెండు రెక్కలు కలిగియున్నది. నీటిలో ఉప్పు తగ్గగానే వానిని మూసికొని కొన్ని వారములు లోపల ఓపికతో నుండగలదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము ఉత్తరభాగమున నీరు అంత ఉప్పన గాదని నమ్మి, మందు పట్టింపని గుంజలతో రేవులు కట్టిరి. తక్కువ ఉప్పును ఓర్చుకొనగల టెరిడో జాతి యొకటి ఆ నీటిలో చేరగా, 1919 మొదలు 1921 వరకు రేవులును, గిడ్డంగులును వరుసగా కూలిపోయెను. ఇంతకాలము కాని ఆపద ఇకను కాదనుకొనుట ఎంత ప్రమాదమో ఆ వృత్తాంతమే చెప్పుచున్నది. మన తీరమున విశాఖపట్టణపు రేవునందును ఈ ప్రాణులు కలవు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రజ్ఞులు వానిని గూర్చి పరిశోధనలు చేసియున్నారు.

ఇక మన గుంజ యెందుకు కూలినది? మనము కొన్నవి మందు పట్టించిన గుంజలే. కొయ్యను ఇనుప తొట్టిలోనుంచి, ఒత్తిడితో మందును లోనికెక్కించెడి పద్ధతిని క్రియోసోటు విషయమున జాన్ బెతెల్ అను నాతడు 1838లో ఇంగ్లండున ప్రకటించెను. తామ్రము, క్రోమియము, పాషాణము కలిపిన మందును డెహ్రాడూను అటవీ పరిశోధన సంస్థయందు పనిచేసిన సొంటి కామేశము గారు 1933లో కనిపెట్టిరి. ఆ యింటిపేరు మనకు క్రొత్తది గాదు. క్రోమియము తక్కిన రెంటిని కొయ్యకు అంటిపెట్టుకొని యుండునట్లు చేయును. అందుచే నీరు ఆ మందును సులభముగా కడిగివేయజాలదు.

కాని యే మందైనను కొయ్య పై పొరలలోనికే బాగుగా ఎక్కును. నడుమనున్న చేవలోనికి అంతగా ఎక్కదు. మన రేవు కట్టినప్పుడు అడ్డకొయ్యలు బిగించుటకై నీటిమట్టమున గుంజలకు బెజ్జములు వేసిరి. ఎత్తు సరిచేయుటకై తలలు కోసిరి. బెజ్జము వేసినచోట, కోసినచోట మందులేని చేవ బయటపడినది. దానికి మరల మందు పూయవలసి యుండగా, పని చేయించిన గుత్తేదారు తారు పూసి సరిపుచ్చెను. దగ్గరనుండి చూచిన మేము మిన్నకుంటిమి. కూలిన గుంజలో సొరంగములన్నియు ఆ మరబోల్టు బెజ్జమునుండియే బయలుదేరినవి. కోటగోడ యెంత దృఢమైనను దిడ్డివాకిలి తెరచియుంచినచో నేమి ప్రయోజనము?

మిగిలిన 13 గుంజలను పాటునీటివేళ సుత్తితో తట్టించితిమి. అనుమానము కలిగినచోట సన్నని బెజ్జము వేసి లోని కొయ్యను చూచి, మందు పట్టించిన మేకుతో ఆ బెజ్జమును వెంటనే మూయించితిమి. 3 గుంజలు డొల్లలని తేలినవి. పడినదానితో కలిపి 4 గుంజలను మార్చక తప్పదు. తక్కిన 10 గుంజలు గట్టిగానున్నవి. రేవునంతయు పడగొట్టవలెనని కొందరును, మరల తారు పూసిన చాలునని కొందరును చెప్పుచున్నారు. ఈ రెండును సరిగావని మా అభిప్రాయము.

ఆ పదింటిని కాపాడుటకు మార్గము కలదు. దళసరి ప్లాస్టిక్ పటమును గుంజచుట్టును బిగువుగా చుట్టి, క్రింద బురదలోనికి దిగునట్లును, పైన పోటునీటి మట్టము దాటునట్లును కట్టవలయును. పటమునకును కొయ్యకును నడుమ చిక్కిన నీటిలో గాలి క్రమముగా తరిగిపోవును. అప్పుడు లోపలనున్న ప్రాణులు ఊపిరాడక చచ్చును, క్రొత్తవి చేరజాలవు. గుంజ తలకు తామ్రపు మందు పూసి, పైన మూత బిగించినచో వాననీరు దిగదు. క్రొత్త గుంజలకు బెజ్జములన్నియు మందు పట్టించుటకు ముందే వేయింతుము. తప్పక ఒడ్డున వేయవలసిన బెజ్జమునకు అప్పటికప్పుడే మందు నింపింతుము. ఇనుప సామానంతయు జస్తాపూత కలదిగా నుండవలయును.

ఈ పని వేసవిలో నీటి ఉప్పు హెచ్చకమునుపే ముగియవలయును. ఇందుకై మేము మిమ్ములను మూడు విషయములు కోరుచున్నాము.

మొదటిది: పడవలను గొలుసుతో గుంజలకు కట్టకుడు. ఆ రాపిడికి చుట్టిన పటము చినుగును. ఒక్క చినుగు చాలును, పురుగునకు ద్వారమగును. పడవలకై వేరుగా కట్టుకొయ్యలు నాటింతుము.

రెండవది: మార్చిన పాత గుంజల ముక్కలను, క్రొత్తవాని పొట్టును వంటచెరకుగా కొనిపోకుడు. అందులో పాషాణము కలదు. ఆ పొగయు, ఆ బూడిదయు విషము. ఆ బూడిదతో గిన్నెలు తోమరాదు, పెరటిలో చల్లరాదు. ఈ మందును ఇండ్లకు సంబంధించిన కొయ్యపనులలో వాడుట అమెరికాలో 2003 చివరితో మానిరి. నీటిలోని గుంజలకు మాత్రమే దీనిని కోరుచున్నాము. పిల్లలు పట్టుకొను చేతికమ్మికిని, నడచు బల్లలకును వాడము. అమ్మలారా, ఈ మాట ముఖ్యముగా మీతో మనవి చేయుచున్నాము.

మూడవది: ప్రతి మాసము అమావాస్య దినములలో పాటునీరు బాగుగా తీసినవేళ పెద్దలిద్దరు వచ్చి గుంజలను తట్టి చూడవలయును. పై తరగతి విద్యార్థి యొకడు ఒడ్డున కూర్చుండి, ఏ గుంజ యెట్లు పలికినదో పుస్తకమున వ్రాయును. మొదటి మాసము ఆ ముసలి పడవవానినే గుంజలను తట్టుమని ప్రార్థించితిమి. అతడు అంగీకరించెను. ఈసారి అతని మాట పుస్తకమున కెక్కును.

ధనమును గూర్చి యొక్కమాట. 4 గుంజలను మార్చి, 10 గుంజలకు పటము చుట్టించుటకగు వ్యయము, క్రొత్త రేవు కట్టుటకగు వ్యయముకంటె ఎంతో తక్కువ. లెక్కలు కార్యాలయమున నున్నవి. ఎవరైనను వచ్చి చూడవచ్చును. ఇయ్యగలవారు ఇత్తురు గాక. ఈయలేనివారు నెలకొక పూట రేవునకు వచ్చిన చాలును.

ఆషాఢమాసమున ఆ అరగంట మనలను కాపాడినది. మరియొకసారి అట్టి అరగంట మనకు చిక్కునని నమ్మి పిల్లలను పడవ యెక్కింపజాలము.