అటకమీది వాల్వు రేడియో: విద్యుత్ భాగమును పరీక్షించు విధము

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన పిదప గోదావరి సీమలో అనేక గృహములకు వాల్వు రేడియోలు చేరినవి. ట్రాన్సిస్టరు రాగానే వానిలో చాల భాగము అటకలెక్కినవి. నేడు మండపేటవంటి ఊళ్లలో తాతగారినాటి పెట్టెను దింపి, దుమ్ము దులిపి, వెంటనే ప్లగ్గు పెట్టవలెనని పిల్లలు తొందరపడుదురు. ఆ తొందర పెట్టెకే కాక మనిషికిని ముప్పు తెచ్చును. కావున పరీక్షించు క్రమమును మనవి చేయుచున్నాము.

గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మరు తగినట్లు మార్చును. రెక్టిఫయరు వాల్వు దానిని ఒకే దిక్కునకు నడిపించును. ఫిల్టరు కండెన్సర్లు అందలి ఒడుదుడుకులను అణచును. తరచుగా ముందు చెడునవి ఈ కండెన్సర్లే. ఏండ్లతరబడి వాడనిచో వాని లోపలి పలుచని పొర క్షీణించును, ద్రవము ఎండిపోవును. మన డెల్టా తేమ కాగితపు కండెన్సర్లకును కీడు చేయును.

మొదట ప్లగ్గు పెట్టకయే తీగెల రబ్బరు పగిలినదేమో, ఎలుక కొరికినదేమో చూడవలెను. ఫ్యూజు పోయినచో లావు తీగె చుట్టరాదు. అది రోగము దాచుటయే గాని మాన్పుట కాదు. పిమ్మట మెకానిక్కులు వాడు సీరీసు బోర్డు ద్వారా, 60 వాట్ల తీగె బల్బుతో కరెంటు ఇయ్యవలెను. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మందగించినచో మంచిదే. ప్రకాశము తగ్గకున్నచో ప్లగ్గు తీసి, రెక్టిఫయరు వాల్వును ఊడదీసి మరల చూడవలెను. అప్పుడు మందగించినచో దోషము ఆ వాల్వునందో, దాని తరువాతి కండెన్సర్లయందో ఉన్నది. అప్పటికిని తగ్గకున్నచో ట్రాన్స్‌ఫార్మరును అనుమానింపవలెను.

రేడియో పలుకుచు, ధ్వని తగ్గించినను గుయ్యిమను రొద మానకున్నచో, ఫిల్టరు కండెన్సరు ఎండినదని చాలవరకు ఊహింపవచ్చును. క్రొత్తదాని వోల్టు పరిమితి పాతదానికన్న తక్కువ కారాదు. రెక్టిఫయరునకు ఆనుకొనిన మొదటి కండెన్సరును మాత్రము మరీ పెద్దది వేయరాదు; వాల్వు దెబ్బతినును.

ముఖ్యమైన హెచ్చరిక రెండు మాటలు. ప్లగ్గు తీసినను కండెన్సర్లలో 200, 300 వోల్టులు కొంతసేపు నిలిచియుండవచ్చును. రెసిస్టరు ద్వారా దానిని ఖాళీచేసి, మీటరుతో సున్న చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. ఇక ట్రాన్స్‌ఫార్మరు లేని ఏ.సి.-డి.సి. సెట్లలో ఇనుప చట్రమే కరెంటు తీగెకు కలిసియుండును. అట్టి వానిని అనుభవజ్ఞునకు అప్పగించుటయే శ్రేయస్కరము.

నిదానమే ప్రధానము. పెట్టె పలుకుట ఒకరోజు ఆలస్యమైనను నష్టము లేదు. ప్రాణము పోయిన తిరిగిరాదు.